కదలుచున్న చెలియలికట్ట
(ప్రసంగ పాఠము)

ఎర్రమట్టి దిబ్బలను ఎరుగని విశాఖపట్టణ వాసులు అరుదు. నగరమునుండి భీమునిపట్టణమునకు పోవు త్రోవలో, సముద్రమునకు సమీపమున, కుంకుమ రాశులవలె నిలిచిన ఆ దిబ్బలను సెలవు దినములలో పిల్లలకు చూపించి తెచ్చుట మనకు అలవాటు. అవి రాతికొండలు కావు, ఇసుక మేటలు. సముద్రము వెనుకకు తగ్గిన కాలమున బయటపడిన ఇసుకను గాలి ఎగురగొట్టి అచట పోగుచేసినదనియు, వేల సంవత్సరముల ఎండకు, వానకు అది క్రమముగా ఎరుపెక్కినదనియు భూగర్భ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. సుమారు ఇరువది వేల ఏండ్ల క్రిందట, భూమిమీది నీరు చాలవరకు మంచుగా పేరుకొనియున్న దినములలో, ప్రపంచ సముద్రమట్టము నేటికంటె రమారమి 120 మీటర్లు దిగువన ఉండెడిది. నేడు అలలు విరుగు చోటునుండి నాటి తీరము ఎంతో దూరము.

సముద్రుడు చెలియలికట్ట దాటడని మన పెద్దల మాట. ఆ మాట విశ్వాసముతో చెప్పినది, దానిలో ధైర్యమున్నది. కాని ఆ ఎర్రని దిబ్బలు మరియొక మాట కూడ చెప్పుచున్నవి. సముద్రుడు కట్ట దాటకపోవచ్చును, కట్టయే కదలుచుండును. పూర్వము అది కదలినపుడు మనుష్యులు తమ గుడిసెలను తీసికొని వెనుకకు జరిగిరి. నేడు ఇరువది లక్షలకు పైబడిన ప్రజ, రేవులు, ఉక్కు కర్మాగారము, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయము గల మహానగరమును భుజముపై పెట్టుకొని వెనుకకు జరుగుట సాధ్యమా? కదలుచున్న చెలియలికట్ట ప్రక్కన కదలలేని నగరము ఏ విధముగా కాపురము చేయవలెనన్నది నేటి ప్రశ్న.

ముందుగా కారణము చూతము. బొగ్గు, పెట్రోలు మున్నగు ఇంధనములను మండించుటవలన బొగ్గుపులుసు గాలి ఆకాశమున పేరుకొని, భూమి వేడిమిని బయటకు పోనీయక పట్టియుంచుచున్నది. 1850–1900 నడిమి కాలముతో పోల్చగా 2011–2020 దశాబ్దమున భూగోళపు సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీలు హెచ్చినది. ఆ వేడిమిలో అత్యధిక భాగమును సముద్రమే మ్రింగుచున్నది. వేడెక్కిన నీరు వ్యాకోచించును. అదిగాక కరగిన మంచు వచ్చి దానిలో కలియుచున్నది. ఈ రెండు కారణములవలన 1901 మొదలు 2018 వరకు ప్రపంచ సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు పెరిగినది. ఇందు గమనింపవలసినది వేగము. 1971కి పూర్వము ఏటికి 1.3 మిల్లీమీటర్లుగా నున్న పెరుగుదల 2006–2018 నాటికి ఏటికి 3.7 మిల్లీమీటర్లైనది. ఈ శతాబ్దాంతమునకు అది, మనము పొగను అదుపుచేసినచో, 1995–2014 నాటి మట్టముపై 28 నుండి 55 సెంటీమీటర్లు. అదుపు తప్పినచో 63 సెంటీమీటర్లు మొదలు ఒక మీటరు దాక ఉండవచ్చునని శాస్త్రజ్ఞుల అంచనా.

జానెడు నీటికి ఇంత భయమేల అని కొందరికి తోచవచ్చును. బల్లపరుపుగా నుండు ఇసుక యొడ్డును ఊహించుడు. యాభై అడుగులు నడచినచో ఒక్క అడుగు ఎత్తు ఎక్కు వాలు అనుకొందము. అట్టి చోట నీరు 20 సెంటీమీటర్లు పైకి లేచినచో అంచు పది మీటర్లు లోపలికి వచ్చును. అంతేకాదు; పోటు, తుపాను, అల, ఈ మూడును ఆ పెరిగిన మట్టముపైననే నిలిచి వచ్చును. అరుగు ఎత్తైనచో దానిపై నిలిచిన బాలుడు కూడ గోడ దాటగలడు. నిన్నటివరకు రోడ్డును తాకని అల రేపు రోడ్డును తాకుటకు తుపాను పెద్దది కానక్కరలేదు, అరుగు ఎత్తైన చాలును.

కావున పొగను తగ్గించుట ప్రపంచమునకంతటికి కర్తవ్యము. దానిని ఎవ్వరును విస్మరింపరాదు. కాని ఇప్పటికే చేరిన వేడిమి ఫలము మన గడపలోనికి వచ్చియున్నది గనుక, దానిని తట్టుకొను ఏర్పాటు ప్రతి తీరనగరమునకు స్వంత కర్తవ్యము. ఈ ఏర్పాటు అనగానే పలువురకు గోడ స్ఫురించును. సముద్రమునకు అడ్డముగా పెద్ద గోడ కట్టిన తీరును గదా అందురు. ఆ యోచనలోని లోపమును తెలిసికొనుటకు మనము దూరదేశములు పోనక్కరలేదు. విశాఖ ఇసుకయే మనకు పాఠము చెప్పును.

మన తీరమున ఇసుక నిలకడగా నుండదు. నైరుతి ఋతుపవన కాలమున అలలు ఏటవాలుగా వచ్చి ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు నడిపించును. ఈశాన్య కాలమున కొంత వెనుకకు తెచ్చును. కూడి తీసివేయగా ఏటేట లక్షల ఘనమీటర్ల ఇసుక ఉత్తరమునకు ప్రయాణము చేయుచుండును. దీనిని ఇసుక నది అనినను తప్పులేదు. 1933లో విశాఖ రేవు తెరచిరి. ఆ సంవత్సరము అక్టోబరు 7న 'జలదుర్గ' అను ఓడ మొట్టమొదటగా లోనికి వచ్చినది. ఉప్పుటేటి బురదనేలను తవ్వి ఆ రేవును నిర్మించిన ఇంజనీర్లకు ఎదురైన గొప్ప శత్రువు ఈ ఇసుకయే. రేవు ముఖద్వారము పూడిపోకుండుటకై జేనస్, వెల్లెడేల్ అను రెండు పాత ఓడలను సముద్రమున ముంచి, అలలకు అడ్డముగా ఒక చిన్న దీవివంటి కట్టను ఏర్పరచిరి. దాని చాటున ఇసుక నిలిచిపోగా డ్రెడ్జరులతో తోడుచుండెడివారు. అటుపిమ్మట 1970 ప్రాంతపు దశాబ్దమున వెలుపలి హార్బరు కొరకు డాల్ఫిన్స్ నోస్ కొండ దాపున పొడవైన రాతికట్టలు లేచినవి. రేవునకు అవి అవసరములే. రేవు లేనిదే ఈ నగరము లేదు. కాని ఇసుక నదికి ఆనకట్ట పడినది. కట్టకు దక్షిణమున ఇసుక పేరుకొనసాగినది. ఉత్తరమున, అనగా కోస్టల్ బ్యాటరీ మొదలుకొని రామకృష్ణా బీచివరకు గల యొడ్డునకు, రావలసిన ఇసుక రాకపోయినది. అలలు మాత్రము ఎప్పటివలెనే వచ్చి ఉన్న ఇసుకను ముందుకు తీసికొనిపోవుచున్నవి. రాబడి తగ్గి ఖర్చు తగ్గని సంసారము ఏమగునో ఆ బీచి అదే అగుచున్నది.

అందుచేతనే డ్రెడ్జరులతో తోడిన ఇసుకను గొట్టముల ద్వారా తిరిగి బీచిపై పోయించు పద్ధతి వచ్చినది. చూచువారికి ఇది సముద్రములో చింతపండు కలిపినట్లు వృథా శ్రమగా తోచవచ్చును. కాని తీరమును కాపాడు ఉపాయములలో ఇది వివేకముగలది. ఇసుక మెత్తనిది గనుకనే అలను అలయించి అణచగలదు. విశాలమైన ఇసుక యొడ్డు మీద అల పరుగెత్తి పరుగెత్తి శక్తి కోల్పోవును. అదే అల నిట్టనిలువు గోడకు తగిలినచో ఎగిరిపడి, వెనుకకు మరలునపుడు గోడ పాదము క్రింది ఇసుకను తోడుకొనిపోవును. కొంతకాలమునకు గోడ మిగులును, బీచి మిగులదు. మరికొంత కాలమునకు గోడయు ఒరుగును. అదియునుగాక గోడ ముగిసిన చోట, దాని ప్రక్కనున్న పల్లెపై కోత మరింత తీవ్రమగును. కాకినాడ దాపున ఉప్పాడ గ్రామస్థులు ఏండ్ల తరబడి ఇండ్లను, బాటను సముద్రమునకు అప్పగించుచు వచ్చిరి. పెద్ద పెద్ద బట్టసంచులలో ఇసుక నింపి వేసిన కట్టలును, రాళ్లును అలలకు పూర్తిగా ఆగలేదు. ఒకచోట ఆపినది మరియొకచోట కోతగా పరిణమించునన్న సూత్రమును తీరమున ఏ పని తలపెట్టినను మొదట వ్రాసికొనవలెను. కట్ట కట్టువాడు ప్రక్క ఊరి ఇసుకకు లెక్క చెప్పవలెను. ఏటేట ఎంత ఇసుక తోడిరి, ఎచట పోసిరి, ఎంత నిలిచినది అను లెక్క, నగరపు వరవు వ్యయముల పద్దువలె, ప్రజల ముందుంచవలెను.

ఇక వాన సంగతి. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి ఏడు పాళ్లు అధికముగా నీటి ఆవిరిని మోయగలదు. అందువలన కురిసినపుడు కుంభవృష్టిగా కురియు దినములు హెచ్చుచున్నవి. విశాఖ పొందిక చూడుడు. ఉత్తరమున సింహాచలపు కొండల వరుస, దక్షిణమున యారాడ కొండ, నడుమ పళ్లెమువంటి పల్లము. కొండమీద పడిన నీరు కొద్ది సేపటిలోనే గెడ్డలలో పడి సముద్రమునకు పరుగెత్తును. పూర్వము ఆ నీటికి రెండు ఆధారములుండెడివి. కొండ వాలున చెట్లు దానిని నిదానపరచెడివి. పల్లమున ఉప్పుటేటి బురదనేలలు, చెరువులు దానిని కొంతసేపు కడుపున దాచుకొనెడివి. నేడు కొండవాలున ఇండ్లు లేచినవి. పల్లము చాలవరకు పూడ్చబడి కట్టడములైనది. గెడ్డలు ఇరుకై, చెత్తతో నిండినవి. పైగా మన తీరమున పోటుకు పాటుకు ఒక మీటరుకు మించిన తేడా యుండును. భారీ వాన పోటు సమయమున పడినచో గెడ్డ నోరు సముద్రపు నీటితో మూసికొనియుండును. అపుడు నగరపు నీరు వెనుకకు తన్నును. సముద్రమట్టము పెరిగిన కొలది ఈ నోరు మూసికొను గడియలు పెరుగును. వాన నిందించి లాభము లేదు. నీటికి మనము ఆపిన చోటు మరల ఇచ్చుటయే మార్గము.

ఇతరుల అనుభవము చూతము. 2015 డిసెంబరులో చెన్నపట్టణము నీట మునిగినది. ఆ నగరపు దక్షిణ భాగమున పళ్లికరణై అను గొప్ప చిత్తడినేల కలదు. వాన నీటిని పీల్చుకొని నిదానముగా సముద్రమునకు విడుచు ఆ నేల, కట్టడములకు, చెత్తకు చోటిచ్చి చోటిచ్చి, పూర్వపు విస్తీర్ణములో సుమారు పదవవంతునకు కుంచించుకొనిపోయెను. పోయిన చోటు విలువ ఆ డిసెంబరులో తెలిసినది. మరియొక వంక హాలెండు దేశపు రాటర్‌డాం చూడుడు. సముద్రమట్టమునకు దిగువనున్న నేలపై బ్రతుకు నగరమది. 1997లో సముద్రపు ఉప్పెనను ఆపుటకు నదీముఖమున బ్రహ్మాండమైన తలుపులు అమర్చుకొన్నది. ఐనను అంతటితో తృప్తిపడలేదు. 2013లో నగరము నడుమ ఒక చౌకును పల్లపు అంగణముగా నిర్మించిరి. వాన లేని దినమున పిల్లలు అందు బంతి ఆడుదురు. జడివాన పడినపుడు ఆ ఆటస్థలమే కొలనై సుమారు 17 లక్షల లీటర్ల నీటిని నిలుపుకొని, కాలువలు ఖాళీయైన పిదప మెల్లగా వదలును. సముద్రమునకు తలుపులు గల నగరము కూడ వానకు కూర్చుండుటకు పీట వేసినదన్నమాట. మన ఊరి పాఠశాలల ఆటస్థలములు, పార్కులు, పాత చెరువులు ఈ పని చేయజాలవా? గెడ్డ గట్టున కంచె నాటి, పూడిక తీసి, నోటికడ పోటునీరు లోనికి రానీయని తలుపులు పెట్టుట నేటి ఇంజనీర్లకు అసాధ్యము కాదు. మేఘాద్రిగెడ్డ సముద్రమును చేరు దారిలో మిగిలియున్న మడ చెట్లను కాపాడుట అంతకంటె తేలిక. అవి కూలి అడుగవు.

గాలి విషయము విశాఖ మరువజాలదు. 2014 అక్టోబరు 12, ఆదివారము నాడు హుద్‌హుద్ తుపాను నేరుగా నగరముపైననే తీరము దాటినది. గాలి వేగము గంటకు సుమారు 180 కిలోమీటర్లు. గాలి వేగము రెట్టింపైనచో దాని ఒత్తిడి నాలుగు రెట్లగును. 90 కిలోమీటర్ల గాలికి ఊగి నిలిచిన రేకు 180కి నిలువలేకపోవుటకు హేతువిది. విమానాశ్రయపు కప్పు చెదరినది. కైలాసగిరిపై తుపానులను కనిపెట్టు రాడారే దెబ్బతిన్నది. వేలాది చెట్లు, కరెంటు స్తంభములు నేలకూలినవి. దినముల తరబడి దీపము లేదు, టెలిఫోను లేదు, మేడమీది తొట్టెకు నీరు ఎక్కించు మోటారు లేదు. ఆ వారము ప్రతి ఇంటను ఒక సంగతి బోధపడినది. నగరములో ఒక్క తీగ తెగినచో నీరు, వైద్యము, వార్త, పాలు, రొట్టె అన్నియు దానితో తెగును.

తుపాను పిదప ప్రపంచ బ్యాంకు సహాయముతో విశాఖలో కరెంటు తీగలను భూమిలో పాతిపెట్టు పని చేపట్టిరి. ఖర్చైనను మేలైన నిర్ణయమిది. కాని భూమిలోని తీగకు గాలి భయము తగ్గి నీటి భయము పెరుగును. కాబట్టి వాటి పెట్టెలు, సబ్‌స్టేషనులు నీరు చేరని ఎత్తున ఉండవలెను. ఆసుపత్రులలో జనరేటరును నేలమాళిగలో పెట్టు అలవాటు మానవలెను. చెట్ల విషయమునను పాఠమున్నది. త్వరగా పెరిగి నీడనిచ్చునను ఆశతో లోతైన వేరులేని చెట్లను బాటల వెంట నాటి, వాటి మొదళ్లను సిమెంటుతో బిగించినచో గాలికి అవే మొదట పడును. తాడి, వేప, కానుగ వంటి మన నేల చెట్లకు వేరు పోవుటకు చోటిచ్చి నాటవలెను. ఒడ్డున ఇసుక దిబ్బలను చదును చేయక, వాటిపై ప్రాకు తీగలను పెరుగనీయవలెను. ఆ తీగలే ఇసుకను పట్టియుంచు కుట్టు.

హుద్‌హుద్ వలన ఆస్తినష్టము అపారమైనను ప్రాణనష్టము పదులలోనే ఆగినది. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు పదివేల మంది అసువులు బాసిరి. రెంటికి నడుమ రెండు వ్యత్యాసములున్నవి. ఒకటి నేల పొందిక. దివిసీమ ముందటి సముద్రము నిస్సారము, నేల పల్లము. అచట నీరు సుమారు ఐదు మీటర్ల ఎత్తున వచ్చినది. విశాఖ ముందు సముద్రము త్వరగా లోతగును గనుక హుద్‌హుద్ నాడు పోటుమట్టముపై లేచిన నీరు 1.4 మీటర్లు. ఇది మన పుణ్యము, మన ప్రయోజకత్వము కాదు. రెండవది మాత్రము ప్రయోజకత్వమే. ఉపగ్రహములు తుపానును రోజుల ముందుగా కనిపెట్టినవి. విశాఖలోని తుపాను హెచ్చరిక కేంద్రము మార్గమును చెప్పినది. ఆంధ్ర, ఒడిశా తీరములలో లక్షలమందిని ముందుగా తరలించిరి. హెచ్చరిక వినుట, విన్నదానిని నమ్ముట, నమ్మినదానికి కదలుట, ఈ మూడును కూడినపుడే ప్రాణము దక్కును.

గాలివానకు పేరు, తేదీ ఉండును. వేడిమి పేరు లేకయే వచ్చి మనుష్యులను తీసికొనిపోవును. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో వడగాడ్పుకు వేయిమందికి పైగా మరణించిరి. తీరమున ఉష్ణమాపకము తక్కువ చూపినను బాధ తక్కువ కాదు. చెమట ఆరినపుడే శరీరము చల్లబడును. గాలి తేమతో నిండియున్నచో చెమట ఆరదు. రాత్రి కూడ ఉక్క తగ్గనిచో వృద్ధులకు, కూలి పనివారికి గుండె అలసిపోవును. అహమ్మదాబాదు నగరము 2013 మొదలు వేసవికి ముందే ఒక కార్యక్రమము నడుపుచున్నది. ఎండ తీవ్రతను ముందుగా చాటుట, ఆసుపత్రులను సిద్ధపరచుట, చలివేంద్రములు పెట్టుట, పేదల ఇండ్ల కప్పులకు తెల్లని పూత పూయుట అందలి భాగములు. చలివేంద్రము మనకు క్రొత్త కాదు. సున్నపు పూతయు క్రొత్త కాదు. క్రమము, ముందుచూపు మాత్రమే క్రొత్తవి.

త్రాగునీటికి పొంచియున్న అపాయము కంటికి కానరాదు. తీరమున భూగర్భములో మంచినీరు ఉప్పునీటిపై తేలుచుండును. సముద్రమట్టముకంటె మంచినీరు ఒక మీటరు ఎత్తున నిలిచియున్నచో, దాని క్రింద సుమారు 40 మీటర్ల లోతువరకు ఉప్పునీటిని త్రోసిపుచ్చగలదు. బోరు బావులతో ఆ ఒక్క మీటరును తోడివేసినచో అడుగునుండి ఉప్పు అంతకు నలుబది రెట్లు పైకి వచ్చును. ఒకసారి ఉప్పెక్కిన బావి తీపెక్కుటకు ఏండ్లు పట్టును. దీనికి మందు మన కప్పుపైననే కురియుచున్నది. నూరు చదరపు మీటర్ల డాబాపై నూరు మిల్లీమీటర్ల వాన పడినచో పదివేల లీటర్లు. విశాఖలో ఏటికి సుమారు వేయి మిల్లీమీటర్ల వాన కురియును. అనగా ఒక్క ఇంటికప్పుపై ఏటికి లక్ష లీటర్లు. దీనిని వీధి కాలువలోనికి వదలి, ఏలేరు నీటిని నూట యాభై కిలోమీటర్ల దూరమునుండి తెచ్చుకొనుచున్నాము. ఇంకుడు గుంత తవ్వినచో అదే నీరు బావిని నింపును, గెడ్డ భారమును తగ్గించును, ఉప్పును దూరముగా నుంచును. ఒక్క పనికి మూడు ఫలములు.

ఇన్ని చెప్పి, అందరికంటె ముందుగా సముద్రముతో కాపురము చేయువారిని మరచిన న్యాయము కాదు. జాలారిపేటలవంటి పల్లెలలోని మత్స్యకారులు ఈ నగరము పుట్టకముందునుండి ఒడ్డుననే యున్నారు. పడవ కంటికి కనబడు దూరమున ఇల్లుండవలెను; వల ఆరవేయుటకు ఇసుక కావలెను. అపాయము పేరిట వారిని దూరముగా పంపి, వారు ఖాళీచేసిన చోటనే విలాస భవనములు లేచినచో దానిని రక్షణ యనరాదు. 1991 మొదలు తీరప్రాంతమునకు నియంత్రణ నిబంధనలు కలవు. అవి సన్నకారు గుడిసెకును, సంపన్నుల మేడకును ఒకే కొలతతో అమలు కావలెను. తరలింపు తప్పనిచో మత్స్యకారులనే అడిగి, ఒడ్డునకు దగ్గరగా ఎత్తైన చోట గట్టి ఇండ్లు కట్టించి, పడవలకు భద్రమైన రేవు చూపి, ఆ పిమ్మట తరలింపవలెను. ఏ నెలలో ఒడ్డు తరుగును, ఏ చోట నీరు మొదట ఎక్కును అన్న విషయము వారికి తెలిసినంతగా పటములకు తెలియదు.

ఇట్టి మహాకార్యములలో గృహస్థుని పాత్ర ఏమి? చిన్నదే కాని లేనిది కాదు. వేసవిలోనే ఇంకుడు గుంత సిద్ధపరచుకొనవలెను. వాకిలి అంతయు సిమెంటు చేయక కొంత మట్టి విడువవలెను. కాలువలో చెత్త వేయరాదు. వేయువారిని చూచి ఊరకుండరాదు. అక్టోబరు, నవంబరు మాసములకు ముందు కప్పు రేకులను, మేడమీది తొట్టెలను బిగించుకొనవలెను. మూడు దినములకు చాలు త్రాగునీరు, అటుకులు, మందులు, కొవ్వొత్తులు, ముఖ్యమైన కాగితములు ఒకచోట నుంచవలెను. బ్యాటరీతో నడచు రేడియో ఒకటి ప్రతి ఇంట నుండవలెను; కరెంటు పోయిన రాత్రి లోకమునకును మీకును అదియే తీగ. తుపాను మధ్య హఠాత్తుగా గాలి ఆగినచో అది తుపాను కన్ను. ప్రశాంతముగా నున్నదని వెలుపలికి పోరాదు. కొద్దిసేపటికే ఎదురు దిక్కునుండి గాలి మరల విరుచుకుపడును. మీ వీధిలో ఒంటరిగా నుండు ముసలివారెవరో, నడువలేనివారెవరో ముందే తెలిసికొనియుండుడు. హెచ్చరిక వచ్చిన దినమున వారి తలుపు తట్టు బాధ్యత ఎవరిదో నేడే నిర్ణయించుకొనుడు.

చెలియలికట్ట అను పదమున ఒక ఆప్యాయత కలదు. సముద్రుడు దానిని గౌరవించునని మన పూర్వులు నమ్మిరి. ఆ గౌరవము ఒకవైపునుండి మాత్రమే వచ్చునని వారు చెప్పలేదు. ఇసుకకు నడచు దారి, గెడ్డకు పారు దారి, వేరునకు దిగు దారి మనము విడిచినచో, కదలుచున్న కట్ట ప్రక్కనైనను ఈ నగరము ఇంకను పెక్కు తరములు నిలువగలదు. ఈసారి ఎర్రమట్టి దిబ్బలకు పిల్లలను తీసికొనిపోవునపుడు, వారు పిడికెడు ఎర్రని ఇసుక చేత పట్టుకొని ఇది ఎచటినుండి వచ్చినదని అడుగుదురు. సముద్రము ఒకప్పుడు ఎంత దూరము పోయి ఎట్లు మరలి వచ్చినదో వారికి చెప్పుడు. అది మరల వచ్చుచున్నపుడు మనము చేసినదేమో కూడ చెప్పగలిగిన స్థితిలో మనముండవలెను.